ప్రాతబట్టల ప్రయోజనము

అన్నము, వస్త్రము, ఇల్లు అను మూడును మనుష్యునకు ముఖ్యావసరములని చిన్నతరగతులనుండియు మనము చదువుకొనుచున్నాము. వీనిలో అన్నము తిన్ననాడే తీరిపోవును. ఇల్లు తరతరములు నిలుచును. వస్త్రము ఈ రెంటికిని నడుమ నున్నది. అది క్రొత్తదిగా వచ్చి, కొంతకాలము మనతో మెలగి, మెల్లగా జీర్ణించును. జీర్ణించిన బట్టను ఏమి చేయవలెనన్న ప్రశ్న చూచుటకు అల్పమైనది. అయినను ఇంటి పొదుపునకు, ఊరి పరిశుభ్రతకు, బీదవాని గౌరవమునకు కూడ సంబంధించిన ప్రశ్న యది. కావున మన నెల్లూరు తీరమున పూర్వమునుండి జరుగుచు వచ్చినదానిని, లోకమున ఇతరచోట్ల జరిగినదానిని కలిపి చూచి, ప్రాతబట్టకు విలువ ఎచ్చటనుండి వచ్చునో తెలిసికొందము.

మొదట మన యిండ్లనే చూతము. నూలుచీర అంతటను ఒక్కమారే చినుగదు. మడమలకు తగులు క్రింది అంచును, కూర్చుండుచోట నొరయు భాగమును ముందుగా నలిగిపోవును. లోపలి కుచ్చిళ్ల భాగము చాలకాలము గట్టిగా నుండును. ఈ సంగతి మన అవ్వలకు బాగుగా తెలియును. కావున వారు చీర చినిగినదని పారవేయక, గట్టిభాగమును కత్తిరించి పిల్లలకు పావడలు, చొక్కాలు కుట్టించెడివారు. మెత్తబడిన భాగము పసిబిడ్డకు పొత్తిగుడ్డయు, ఉయ్యెలయు నయ్యెడిది. అంతకంటె నలిగినది వంటయింట మసిగుడ్డగను, గంప మోయువారి తలపై చుట్టకుదురుగను, తుదకు దీపమున వత్తిగను ఉపయోగపడెడిది. చొక్కాకు మెడపట్టీ ముందుగా చినుగును. దానిని విప్పి, లోపలివైపు పైకి త్రిప్పి కుట్టినచో ఆ చొక్కా మరియొక సంవత్సరము నిలుచును. దుప్పటి నడుమ పలుచబడినపుడు దానిని నిలువున రెండుగా చీల్చి, గట్టిగా నున్న ప్రక్క అంచులను నడుమకు చేర్చి కుట్టుట ఇంకొక ఉపాయము. చిరుగున్నచోట నూలుపోగులతో నేతవలె అల్లి పూడ్చు రఫూపని వేరొక విద్య.

ఈ పనులన్నిటిలోను బొంత కుట్టుట పెద్దది. నాలుగైదు ప్రాతచీరలను, పంచెలను ఉతికి ఆరవేసి, పనికిరాని అంచులను తీసివేసి, ముడుతలు లేకుండ నేలపై ఒకదానిపై నొకటి పరతురు. గట్టి చీరలను పైనను క్రిందను ఉంచి, చిరుగులున్నవానిని, చిన్నముక్కలను నడుమ సర్దుదురు. పిమ్మట పొడవు సూదితో, లావు నూలుదారముతో, అంచునుండి లోపలికి వరుసలుగా కుట్టుకొని వత్తురు. వరుసలు ఎంత దగ్గరగా నున్న బొంత అంత ఎక్కువకాలము నిలుచును. ఏలయన, ఉతికినపుడు లోపలి ముక్కలు ఒకచోటికి జారకుండ ఆ కుట్లే పట్టియుంచును. పొరల నడుమ చిక్కుకొన్న గాలి ఒంటివేడిని బయటికి పోనీయదు. అందుచేత ముసురు పట్టిన కార్తికమాసపు రాత్రులయందు పరచుకొనుటకును, కప్పుకొనుటకును బొంత మిక్కిలి అనుకూలమైనది. దీనినే సంస్కృతమున కంథ యందురు. బంగాళదేశీయుల కంథ, బీహారువారి సుజని, మహారాష్ట్రుల గోధడి, ఉత్తర కర్ణాటకమువారి కౌది ఇవన్నియు మన బొంతకు అప్పచెల్లెండ్రు. సరిపడిన జోడును చూచి "గంతకు తగిన బొంత" యనుటయు, పొందిక లేనిదానిని "అతుకుల బొంత" యనుటయు మన భాషలో వాడుకయైయున్నవి. నవ్వుటకు పుట్టిన మాటలైనను, బొంత ఎంతటి యింటింటి వస్తువో ఇవి చెప్పుచున్నవి.

బొంతను గూర్చి ఇంత వివరముగా వ్రాయుటకు కారణమున్నది. బొంతలోని చీరలను విడివిడిగా అమ్మబోయిన ఎవరును కొనరు. అవే కలిసి బొంతయైనపుడు ఇల్లాలు దానిని పెట్టెలో దాచును, కూతురు అత్తవారింటికి పోవునపుడు వెంట పంపును. నడుమ చేరినదేమి? సూది, దారము, కొన్ని దినముల పని. కావున ప్రాతబట్టకు విలువ దానిలోనే యున్నదని తలచుట పొరపాటు. దానిపై మనము వెచ్చించిన పనియే దాని విలువ. ఈ యొక్క మాటను మనస్సునం దుంచుకొన్నచో తక్కిన విషయములన్నియు సులభముగా బోధపడును.

ఇతరదేశములందును ఇట్లే జరిగినది. చీనాదేశమున క్రీ. శ. 105వ సంవత్సరమున త్సాయ్ లున్ అను ఉద్యోగి చెట్టుబెరడును, నారను, ప్రాతగుడ్డలను, చినిగిన చేపలవలలను దంచి కాగితము చేసెనని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దమున కొయ్యగుజ్జు వాడుకలోనికి వచ్చువరకు ఐరోపాలోని కాగితము చాలవరకు చింకిగుడ్డలనుండియే తయారయ్యెను. ఇంగ్లండున యార్కుషైరు ప్రాంతమందలి బ్యాట్లీ పట్టణమున 1813లో బెంజమిన్ లా అనువాడు ప్రాత ఉన్నిబట్టలను చీల్చి, పోగులు విడదీసి, క్రొత్త ఉన్నితో కలిపి మరల వడికి నేయు పద్ధతి కనిపెట్టెను. ఆ బట్టకు షాడీ యని పేరు. నేడు మనదేశమున హర్యానాలోని పానిపట్టు నగరము ఈ పనికి ప్రసిద్ధమైయున్నది. చలిదేశములనుండి వచ్చిన ప్రాత ఉన్నిదుస్తులు అక్కడ రంగులవారీగా వేరుపరుపబడి, బొత్తాములు తీయబడి, పోగులై, కంబళ్లుగా మారుచున్నవి. మన వీధులలో ప్రాతబట్టలకు స్టీలుగిన్నెలు, ప్లాస్టికు బిందెలు ఇచ్చెదమని కేకవేయుచు తిరుగువారిని అందరు చూచియుందురు. వారు కొన్న బట్టలు ఉతుకబడి, అతుకబడి, తిరిగి సంతలలో అమ్మబడును. వీరందరును చేయుచున్నది ఒక్కటే: ఒకరు వలదన్నదానికి పనిని చేర్చి మరియొకరికి కావలసినదిగా చేయుట.

అట్లయిన ఈ కాలమున ప్రాతబట్టలు కుప్పలుగా ఎందుకు పడియుండును? కారణములు రెండు. మొదటిది, బట్ట చౌకయైనది. మన జిల్లాలోనిదిగా నుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన వేంకటగిరిలో సన్ననూలు చీర నేయుటకు నేతవానికి దినములు పట్టును. దానిని కట్టినవారు దాచుకొందురు. మరలు గంటలో నేసినదానిని మనము అంత సులభముగానే విడిచిపెట్టుచున్నాము. రెండవది, పోగు మారినది. శుద్ధమైన నూలు మట్టిలో కలిసి కుళ్లిపోవును. పాలిస్టరు అట్లుగాదు, అది నూనెగనులనుండి వచ్చు సరకుతో చేసిన ప్లాస్టికు పోగు. అది మట్టిలో చాలకాలము చెడదు. ఉతికినప్పుడెల్ల దానినుండి కంటికి కానరాని సన్నని తునుకలు విడివడి కాలువలద్వారా తుదకు సముద్రమును చేరుచున్నవి. సముద్రమును నమ్మి బ్రతుకు మైపాడు, ఇసుకపల్లి, తుమ్మలపెంట మున్నగు తీరగ్రామములవారికి ఇది దూరపు విషయము కాదు.

కొన్ని లెక్కలు చూడుడు. ఒక నూలు చొక్కా తయారగుటకు, ప్రత్తిపంటతో కూడ లెక్కించిన, సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని అంచనా. లోకమంతట ఏటేట సుమారు 9 కోట్ల 20 లక్షల టన్నుల బట్ట వ్యర్థమగుచున్నదని ఐక్యరాజ్యసమితి పర్యావరణశాఖవారు చెప్పుచున్నారు. దుస్తులకు వాడిన సరకులో తిరిగి దుస్తులుగా మారునది నూటికి ఒకపాలు కూడ లేదని 2017లో ఇంగ్లండునందలి ఎల్లెన్ మెకార్థర్ సంస్థవారు ప్రకటించిరి. పెన్నానీటి విలువ నెరిగిన నెల్లూరు రైతు పై లెక్కను చూచి, మూలబడిన చొక్కాలను మరల ఒకమారు తీసి చూచుకొనక మానడు.

ఇక ఈ విషయములో మిక్కిలి ముఖ్యమైన భాగమునకు వత్తము. ప్రాతబట్టలు మిగిలినపుడు మనకు మొదట తోచునది దానము. మన తీరమున దానమునకు సందర్భములు తరచుగా వచ్చుచుండును. 1927 నవంబరులో నెల్లూరును, 1989 నవంబరులో కావలి ప్రాంతమును పెనుగాలివానలు తాకినవి. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ తూర్పుతీరము పొడవునను పట్టపుపాళెములలోనికి చొచ్చుకొని వచ్చినది. ఇట్టి వేళల ఇల్లు కొట్టుకొనిపోయినవానికి ఆరిన బట్ట అన్నముతో సమానము. ఇందు సందేహము లేదు.

అయినను సునామీ తరువాత తమిళనాటి తీరమున ఒక వింత జరిగినది. దేశము నలుమూలలనుండి వచ్చిన ప్రాతబట్టలు త్రోవప్రక్కల కుప్పలుగా పడియుండి వానకు నానిపోయినవి. పలువురు బెస్తవారు వానిని తాకలేదు. వానిలో చినిగినవి కలవు, మాసినవి కలవు, ఆ యూరివారు ఎన్నడును ధరింపనివి కలవు. నిన్నటివరకు సముద్రముపై తమ చేతులతో సంపాదించుకొన్నవారు ఇతరులు విడిచిన చింకిగుడ్డలకై కుప్పలో వెదకుకొనుటకు ఒప్పుకొనలేదు. ఇచ్చినవారి ఉద్దేశము మంచిదే. కాని వారు ఇంటిలోని చెత్తను ఇంకొక చోటికి మార్చిరేగాని, బట్టపై తమ పనిని ఏమాత్రము వెచ్చింపలేదు. ఉతుకుట, అతుకుట, ఏర్చుట, ఎవరికి ఏది తగునో ఆలోచించుట ఈ పనియంతయు కష్టములో నున్నవానిపై పడినది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1921లో విదేశీవస్త్ర బహిష్కారము జరుగుచున్నపుడు, బట్టలేనివారు ఇందరుండగా వస్త్రములను తగులబెట్టుట తగునా యని రవీంద్రనాథ ఠాకూరు ఆక్షేపించెను. గాంధిగారు అక్టోబరులో ప్రత్యుత్తరము వ్రాయుచు, దిగంబరుడై యున్నవానికి విడిచిన బట్ట నిచ్చుట అతనిని అవమానించుటయే యనియు, అతనికి నిజముగా కావలసినది పనియనియు, ఇచ్చినచో తనకున్నవానిలో మేలైనదే ఈయవలయుననియు అభిప్రాయపడెను. ఇద్దరి మాటలోను సత్యము కలదు. బట్టను వ్యర్థపరుపరాదనునది ఒకటి. మనిషిని చిన్నబుచ్చరాదనునది రెండవది. ఆ సంవత్సరముననే ఏప్రిలు 7వ తేదీని గాంధిగారు మన పెన్నాతీరమందలి పల్లెపాడున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. అచ్చట రాట్నమునకు పెద్దపీట వేయబడెను. తానే కూర్చుండి ఒక చిలప నూలు వడికినవానికి గుడ్డముక్క యొక్క వెల యెవరును చెప్పనక్కరలేదు.

పై రెండు సత్యములను కలుపుటకు ప్రయత్నించిన సంస్థ యొకటి నేడు మనదేశమున కలదు. దానిపేరు గూంజ్, హిందీభాషలో ఆ మాటకు ప్రతిధ్వని యని యర్థము. అంశు గుప్తా యనువారు 1999లో ఢిల్లీలో దానిని స్థాపించిరి. మొదట వారు తమ యింటిలో పోగుచేసినవి 67 బట్టలు మాత్రమే. సునామీ తరువాత తమిళనాట మిగిలిపోయిన బట్టల కుప్పలను చేరదీసి, వేరుపరచి, పనికివచ్చునట్లు చేసినవారు వీరే. వారి కేంద్రములలో నగరములనుండి వచ్చిన బట్టలను స్త్రీలు వయస్సునుబట్టి, కొలతనుబట్టి, ఋతువునుబట్టి, ప్రాంతపు ఆచారమునుబట్టి విభజింతురు. బొత్తాము లేనిదానికి బొత్తాము వేయుదురు. జీన్సుగుడ్డ బడిసంచులగును. మెత్తని నూలుగుడ్డ శుభ్రపరుపబడి, నెలసరి సమయమున వాడుకొను మెత్తలగును. మిగిలిన పీలికలు సుజనిలో చేరును. పిమ్మట గ్రామమువారు తమ ఊరికి కావలసిన పనిని తామే నిర్ణయించుకొని, బావి త్రవ్వియో, చెరువు పూడిక తీసియో, కాలువపై వంతెన కట్టియో, దానికి బహుమానముగా ఈ వస్త్రముల మూటను అందుకొందురు. ఈ సేవకుగాను అంశు గుప్తాగారికి 2015లో రామన్ మెగసెసే బహుమానము లభించెను.

దీనిని ఆక్షేపించువారు లేకపోలేదు. కూలిడబ్బులకు బదులు ప్రాతబట్టలా యని వారు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒకని పొలములోనో కర్మాగారములోనో చేసిన పనికి బట్టలిచ్చి పంపుట ఎన్నటికిని తగదు. ఊరివారు తమ బావిని తాము త్రవ్వుకొనుట వేరు. ఆ బావి వారికే మిగులును. ఈ గీతను దాటకుండ చూచుకొన్నంతవరకు ఆ పద్ధతి మంచిదని తోచుచున్నది.

ఇంతవరకు చెప్పినది దానమును గూర్చి. ఈ పని వర్తకముగాను నిలువగలదు. మన జిల్లా స్త్రీలకు కలిసి పనిచేయుట క్రొత్త కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. దానివెంట దినమున కొక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపుసంఘములు ఈ జిల్లాలో ఊరూర వెలసినవి. ఇట్టి సంఘమునకు రెండు కుట్టుమిషనులు, ఒక కత్తెర, ఆరవేయుటకు తావు ఉన్నచో ప్రాతబట్టల పని ప్రారంభింపవచ్చును. కొనవలసిన సరకు వెల తక్కువ, పని యెక్కువ. కావున వచ్చిన డబ్బులో అధికభాగము పనిచేసినవారికే చెందును. బజారుసంచులు, తలగడగలీబులు, కాలిపట్టాలు, బొంతలు, పిల్లల గౌనులు ఇవన్నియు అమ్ముడుపోవు వస్తువులు.

అయితే ఇందు మూడు జాగ్రత్తలు అవసరము. మొదటిది, ఏర్పాటు. వచ్చిన బట్టలను నాలుగు కుప్పలు చేయవలయును: కొంచెము బాగుచేసిన కట్టుకొనదగినవి, కట్టుకొనరానివైనను గుడ్డ గట్టిగా నున్నవి, పలుచబడిన మెత్తని నూలు, కేవలము పీలికలు. మొదటిదానిని బాగుచేసి దుస్తులుగనే అమ్మవలెను. రెండవది సంచులకు, మూడవది తుడుపుగుడ్డలకు, నాలుగవది బొంతల నడుమ పొరకు, తలగడల లోపలికి. రెండవ జాగ్రత్త, పోగును గుర్తించుట. అంచునుండి ఒక పోగు తీసి, ఉపాధ్యాయుని యెదుట నిప్పు తగిలించి చూడవచ్చును. నూలు కాగితమువలె కాలి మెత్తని బూడిదయగును. పాలిస్టరు కరగి గట్టి గుండువలె అగును. ఉన్ని కాలిన వెండ్రుకల వాసన వేయును. పాలిస్టరు నీటిని పీల్చదు గనుక తుడుపుగుడ్డకు పనికిరాదు, మంటను అంటి కరగును గనుక మసిగుడ్డకు అసలే పనికిరాదు. సంచికి మాత్రము గట్టిది. మూడవ జాగ్రత్త, నిజాయితీ. ప్రాతగుడ్డతో చేసినదానిని ప్రాతగుడ్డతో చేసినదనియే చెప్పి అమ్మవలయును. కుట్టు చక్కగా నున్నచో కొనువారు దానికై సంకోచింపరు.

సోదర విద్యార్థులారా, సోదరీమణులారా! ఈ విషయమున మనము చేయదగినది లేకపోలేదు. సెలవులకు ఇంటికి పోయినపుడు మీ పెట్టెలోని బట్టలను ఒక్కమారు తీసి చూడుడు. ఊడిన బొత్తామును మీరే కుట్టుకొనుడు. ఇది బాలికల పనియని బాలురు తప్పించుకొనరాదు. మీ అవ్వగారి ప్రక్కన కూర్చుండి బొంత కుట్టు విధము నేర్చుకొనుడు. ఆ విద్య ఆమె చేతులలో ఉన్నంతకాలమే నేర్చుకొనుటకు వీలు. మరల గాలివాన వచ్చి, బట్టలు పోగుచేయుటకు మన పాఠశాలవారు పూనుకొన్ననాడు, మీరిచ్చు చొక్కాను ఉతికి, ఎండలో ఆరవేసి, చిరుగు కుట్టి, మడతపెట్టి తీసికొని రండు. ఇచ్చుటకు ముందు మిమ్ము మీరే ఒక ప్రశ్న అడుగుడు: "దీనిని నా తమ్మునకు తొడిగి బడికి పంపుదునా?" పంపుదునని మనస్సు చెప్పినచో ఇయ్యుడు. చెప్పనిచో దానిని సంచిగనో, బొంతలో పొరగనో చేయుడు.

బట్ట ప్రాతబడుట దోషము కాదు. అది మనకు సేవచేసినదనుటకు గురుతు. దానికి మన చేతిపనిని చేర్చి ఇచ్చిననాడు పుచ్చుకొనువాడు తలవంచవలసిన పని యుండదు, మన తీరమునకు చెత్తయు మిగులదు.